ఆఫీసు ఈమెయిల్‌ను ఇంగ్లీషులో స్పష్టంగా, తప్పులు లేకుండా రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"ఇంగ్లీషు చదివితే అర్థమవుతోంది, మీటింగులో మాట్లాడగలుగుతున్నాను, కానీ మెయిల్ రాస్తే మాత్రం అవతలివారు మళ్లీ మళ్లీ వివరణ అడుగుతున్నారు. ఎక్కడ సరిదిద్దుకోవాలి?" కొత్తగా ఉద్యోగంలో చేరినవారూ, ఏళ్ల అనుభవం ఉన్నవారూ అడిగే ప్రశ్న ఇది. తెలుగు మాధ్యమంలో చదివినవారికీ, ఇంగ్లీషు మాధ్యమంలో చదివినా ఆలోచన తెలుగులోనే సాగేవారికీ ఈ మార్గదర్శి పనికివస్తుంది.

చాలామంది వ్యాకరణంతో మొదలుపెడతారు. నా అభిప్రాయంలో మెయిల్ వివరణ కోరుతూ తిరిగి రావడానికి వ్యాకరణం కన్నా పెద్ద కారణం విషయం చెప్పే వరుస. తెలుగులో కారణాలన్నీ ముందు చెప్పి, కోరికను చివర ఉంచుతాం. క్రియ వాక్యం చివరనే వస్తుంది, పైగా పెద్దవారిని నేరుగా అడిగేయకుండా సంగతంతా వివరించి అడగడం మనకు మర్యాద. అదే వరుసలో ఇంగ్లీషు మెయిల్ రాస్తే, అసలు అడిగిందేమిటో చదివేవారికి చివరి వాక్యం దాకా తెలియదు. అందుకే ఇక్కడ ముందు వరుస, తరువాత వాక్యం, ఆపై వ్యాకరణం చూద్దాం.

1. రాయడానికి ముందు చేసుకోవలసిన సిద్ధం

మెయిల్ పెట్టెను తెరవకముందే, కాగితం మీద, తెలుగులోనే, కింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబు రాసుకోండి. ఆలోచన తేటపడేది ఇక్కడే కనుక ఈ దశలో ఇంగ్లీషు అవసరం లేదు.

☐ ఈ మెయిల్ ఎవరు చదువుతారు? వారికి ఈ పని నేపథ్యం ఎంత తెలుసు?
☐ చదివిన తరువాత వారు ఏం చేయాలి? (పంపాలా, అనుమతించాలా, నిర్ణయించాలా, తెలుసుకుంటే చాలా?)
☐ ఎప్పటిలోగా చేయాలి?
☐ చేయకపోతే ఏమవుతుంది?

రెండో ప్రశ్నకు జవాబు రాయలేకపోతే ఆ మెయిల్ ఇంకా పంపవలసిన సమయం రాలేదని అర్థం. ఒక్కోసారి అక్కడికక్కడే ఫోన్ చేసి మాట్లాడితే సరిపోతుందని కూడా తేలుతుంది.

దీనితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మీరు ఇటీవల పంపిన ఓ పది మెయిళ్లు తీసి చదివితే, ఒకే రకమైన తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిని రాసిపెట్టుకోండి. వ్యాకరణ పుస్తకం మొత్తం చదవడం కన్నా, తరచూ చేసే ఆ కొద్ది తప్పులను వదిలించుకోవడం త్వరగా ఫలితమిస్తుంది.

2. కోరిక ముందు, కారణం తరువాత

ఒక మెయిల్‌ను దగ్గర నుంచి చూద్దాం. హైదరాబాదులో పనిచేసే ఇంజనీరు, అమెరికాలో ఉన్న మేనేజరుకు ఇలా రాశారనుకోండి:

"డియర్ సర్, హోప్ యు ఆర్ డూయింగ్ వెల్. యాజ్ డిస్కస్డ్ ఇన్ యెస్టర్‌డేస్ కాల్, వి ఆర్ వర్కింగ్ ఆన్ పేమెంట్ మాడ్యూల్ సిన్స్ టూ వీక్స్ బట్ టెస్ట్ డేటా ఈజ్ నాట్ రిసీవ్డ్ ఫ్రమ్ క్లయింట్ సైడ్, డ్యూ టు విచ్ టెస్టింగ్ ఈజ్ పెండింగ్, సో కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియెస్ట్."

ఇందులో వ్యాకరణ దోషాలు ఉన్నాయి. వాటన్నిటినీ సరిదిద్దినా మేనేజరుకు ఏం చేయాలో తెలియదు. క్లయింటును అడగాలా, గడువు పెంచాలా, వేరే డేటా ఇప్పించాలా? "నీడ్‌ఫుల్" అన్న మాట వెనుక ఆ కోరిక దాగి ఉంది. ఎప్పటిలోగా కావాలన్నది లేదు. ఆలస్యమైతే జరిగే నష్టం అసలే లేదు.

పై నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకున్న తరువాత అదే మెయిల్ ఇలా మారుతుంది:

"కుడ్ యు ప్లీజ్ ఆస్క్ ద క్లయింట్ టు సెండ్ అస్ ద టెస్ట్ డేటా ఫర్ ద పేమెంట్ మాడ్యూల్ బై థర్స్‌డే, 12 జూన్, 5 పీఎం ఇండియా టైమ్? ద కోడింగ్ ఈజ్ కంప్లీట్, బట్ వి కెనాట్ స్టార్ట్ టెస్టింగ్ వితౌట్ దిస్ డేటా. ఇఫ్ ద డేటా అరైవ్స్ లేటర్, ద రిలీజ్ విల్ మూవ్ ఫ్రమ్ 20 జూన్ టు 24 జూన్."

మొదటి వాక్యంలో కోరిక, గడువు. రెండో వాక్యంలో కారణం. మూడో వాక్యంలో పర్యవసానం. మేనేజరు దీన్ని ఫోనులో చదివినా అప్పటికప్పుడు పని మొదలుపెట్టగలరు. కష్టమైన పదం ఒక్కటీ లేకపోవడం కూడా గమనించండి.

ఈ వరుసకు ఒక మినహాయింపు ఉంది. చెడ్డ వార్త చెప్పవలసినప్పుడు, ఉదాహరణకు ఒకరి దరఖాస్తును తిరస్కరిస్తున్నప్పుడు, ఒకటి రెండు వాక్యాల నేపథ్యం ముందు ఇవ్వడం మంచిదే. అప్పుడు కూడా అసలు సంగతిని రెండో పేరాకు మించి వాయిదా వేయకూడదు.

3. సబ్జెక్టు లైను

సబ్జెక్టు లైనును మెయిల్ పూర్తయ్యాక రాయండి. "రిక్వెస్ట్", "అర్జంట్", "రిగార్డింగ్ ప్రాజెక్ట్" వంటివి ఏమీ చెప్పవు. "టెస్ట్ డేటా నీడెడ్ బై 12 జూన్: పేమెంట్ మాడ్యూల్" అంటే పని, గడువు, విషయం మూడూ తెలిసిపోతాయి. పాత మెయిల్‌కు జవాబిస్తూ కొత్త విషయం ఎత్తుకుంటే సబ్జెక్టు లైనును తప్పక మార్చండి. లేకపోతే నెల తరువాత ఆ మెయిల్‌ను వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

4. వాక్యాన్ని విడగొట్టడం

తెలుగులో "చేసి, చూసి, పంపించి, కనుక్కుని" అంటూ అసమాపక క్రియలతో ఎంత పొడవైన వాక్యమైనా సాఫీగా నడుస్తుంది. ఇంగ్లీషులో ఆ పనికి "అండ్", "సో", "డ్యూ టు విచ్" వంటి అతుకులు వేయవలసి వస్తుంది. రెండు అతుకులు దాటితే వాక్యం బరువెక్కుతుంది. ఇరవై పదాలు దాటిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి ఆగి చూడండి. రెండు సంగతులు ఉంటే రెండు వాక్యాలు చేయండి.

రెండో జాగ్రత్త కర్త విషయంలో. తెలుగులో "నిన్ననే పంపించాను" అంటే క్రియలోనే కర్త ఉంది. ఇంగ్లీషు క్రియ ఆ భారం మోయదు. "ద ఫైల్ వాజ్ సెంట్" అంటే ఎవరు పంపారు? "ఇట్ ఈజ్ బీయింగ్ లుక్డ్ ఇంటు" అంటే ఎవరు చూస్తున్నారు? బాధ్యత తేలవలసిన చోట కర్తను పేరుతో రాయండి: "ద ఫైనాన్స్ టీమ్ సెంట్ ద ఫైల్ ఆన్ మండే." కర్త ఎవరో ముఖ్యం కాని చోట, "ద ఆఫీస్ విల్ బీ క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే" వంటి వాక్యాల్లో, కర్మణి ప్రయోగం చక్కగా సరిపోతుంది.

మూడోది, "విల్ చెక్ అండ్ లెట్ యు నో" అన్న జవాబు. మన "చూసి చెబుతాను"కు ఇది నకలు. ఎప్పుడు చెబుతారో రాయకపోతే ఇది జవాబు కిందకు రాదు. "ఐ విల్ చెక్ ద లాగ్స్ అండ్ రిప్లై బై 3 పీఎం టుడే" అని రాయండి.

5. తెలుగు నుంచి జారివచ్చే తప్పులు

ఇవి తెలివితక్కువతనంతో వచ్చే తప్పులు కావు. తెలుగు వ్యాకరణం ఇంగ్లీషు మీదకు ఒరగడం వల్ల వచ్చేవి. ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలిస్తే పట్టుకోవడం సులువు.

ఆర్టికల్స్. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి వదిలేయడం సహజం. ఒక సూత్రం పెట్టుకోండి: లెక్కపెట్టగలిగిన నామవాచకం ఏకవచనంలో ఉంటే ఒంటరిగా నిలబడకూడదు. దాని ముందు "ఎ", "యాన్", "ద", "మై", "దిస్" వంటిది ఏదో ఒకటి ఉండాలి. "ఐ సెంట్ రిపోర్ట్ టు మేనేజర్" అన్న వాక్యంలో రెండు పదాలు ఒంటరిగా ఉన్నాయి. "ఐ సెంట్ ద రిపోర్ట్ టు ద మేనేజర్" అన్నది సరైనది. చదివేవారికి ఏ రిపోర్టో తెలిస్తే "ద", తెలియకపోతే "ఎ". "ఎ", "యాన్"లలో ఏది అన్నది అక్షరాన్ని బట్టి కాక శబ్దాన్ని బట్టి ఉంటుంది: "యాన్ అవర్", "యాన్ ఎంబీఏ", కానీ "ఎ యూనివర్సిటీ".

"సిన్స్", "ఫర్". "సోమవారం నుంచి", "రెండు వారాల నుంచి" రెండింటికీ మనకు "నుంచి" ఒక్కటే. ఇంగ్లీషులో మొదలైన క్షణానికి "సిన్స్ మండే", గడిచిన వ్యవధికి "ఫర్ టూ వీక్స్". "పని చేస్తున్నాం" అన్నది "వి ఆర్ వర్కింగ్"గా మారిపోవడం దీని తోడి తప్పు. గతంలో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి "వి హావ్ బీన్ వర్కింగ్ ఆన్ ఇట్ ఫర్ టూ వీక్స్" అనాలి.

"బై", "టిల్". "శుక్రవారం దాకా", "శుక్రవారం లోగా" అన్న తేడా మనకు బాగా తెలుసు, ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ "టిల్" అయిపోతాయి. "సెండ్ ఇట్ బై ఫ్రైడే" అంటే శుక్రవారం లోగా పంపండి అని. "ద ఆఫర్ ఈజ్ ఓపెన్ టిల్ ఫ్రైడే" అంటే శుక్రవారం దాకా తెరిచే ఉంటుందని. గడువులకు ఎప్పుడూ "బై".

"-ఇంగ్" అతివాడకం. "నాకు అర్థం కావడం లేదు" అన్న వాక్యం "ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్" అయిపోతుంది. "ఐ డోంట్ అండర్‌స్టాండ్" అనాలి. "నో", "నీడ్", "వాంట్", "బిలాంగ్" వంటి స్థితిని తెలిపే క్రియలకు సాధారణంగా ఈ ప్రత్యయం చేరదు. కలిగి ఉండటమనే అర్థంలో "హావ్" కూడా అంతే: "ఐ యామ్ హావింగ్ టూ క్వశ్చన్స్" తప్పు, "ఐ హావ్ టూ క్వశ్చన్స్" ఒప్పు.

ప్రశ్నల్లో పదాల వరుస. తెలుగులో ప్రశ్న వేసినా పదాల వరుస మారనవసరం లేదు. ఇంగ్లీషులో నేరుగా అడిగితే మారుతుంది: "వెన్ యు విల్ సెండ్?" తప్పు, "వెన్ విల్ యు సెండ్ ఇట్?" ఒప్పు. అదే ప్రశ్న వేరే వాక్యం లోపల ఇమిడితే వరుస మళ్లీ మామూలుగా ఉండాలి: "ప్లీజ్ లెట్ మీ నో వెన్ యు విల్ సెండ్ ఇట్." మొదటి నియమం తెలిసినవారు కూడా రెండో చోట "ఐ డోంట్ నో వాట్ ఈజ్ ద రీజన్" అని రాస్తారు. "ఐ డోంట్ నో వాట్ ద రీజన్ ఈజ్" అనాలి.

భూతకాలం. "డిడ్" వచ్చాక అసలు క్రియ మూలరూపంలోనే ఉండాలి: "డిడ్ నాట్ రిసీవ్". ఇక "ఐ హాడ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే" అన్నది మరీ ఎక్కువగా కనిపిస్తుంది. గతంలో జరిగిన రెండు పనుల్లో ముందు జరిగినదాన్ని చూపడానికే "హాడ్". ఒకే పని అయితే "ఐ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే" చాలు.

"ఈరోజే", "నిన్ననే". మన ఏత్వం "టుడే ఇట్‌సెల్ఫ్", "యెస్టర్‌డే ఓన్లీ"గా దిగుతుంది. "ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే" అంటే సరిపోతుంది. "ఈరోజే కావాలి" అని నొక్కి చెప్పాలంటే గంటతో సహా గడువు రాయండి.

మిగిలినవి త్వరగా:

☐ "డిస్కస్ అబౌట్", "మెన్షన్ అబౌట్", "ఎంఫసైజ్ ఆన్" వద్దు. ఈ క్రియలకు ప్రిపొజిషన్ అక్కర్లేదు.
☐ "ఎక్స్‌ప్లెయిన్ మీ" కాదు, "ఎక్స్‌ప్లెయిన్ టు మీ".
☐ "వన్ ఆఫ్ మై కొలీగ్" కాదు, "వన్ ఆఫ్ మై కొలీగ్స్".
☐ "ఇన్ఫర్మేషన్", "ఫీడ్‌బ్యాక్", "ఎక్విప్‌మెంట్", "అడ్వైస్", "సాఫ్ట్‌వేర్" పదాలకు చివర "ఎస్" చేర్చకూడదు.
☐ సలహా అన్న నామవాచకం "అడ్వైస్"లో సి, సలహా ఇవ్వడం అన్న క్రియ "అడ్వైజ్"లో ఎస్ రాయాలి.
☐ పోగొట్టుకోవడం అన్న "లూజ్"లో ఒక ఓ, వదులు అన్న "లూజ్"లో రెండు ఓలు.

6. మన ఆఫీసు ఇంగ్లీషు మాటలు: ఎక్కడ ఉంచాలి, ఎక్కడ మార్చాలి

"డూ ద నీడ్‌ఫుల్", "ప్రీపోన్", "అవుట్ ఆఫ్ స్టేషన్" వంటివి భారతీయ కార్యాలయాల్లో అందరికీ అర్థమవుతాయి. విశాఖపట్నం నుంచి విజయవాడ శాఖకు రాసే మెయిల్‌లో "ప్రీపోన్" అని రాస్తే నష్టమేమీ లేదు. వాటిని చూసి సిగ్గుపడనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను. చదివేవారు బయటి దేశం వారైనప్పుడు మాత్రం మార్చాలి. కొన్ని మాటలు అక్కడ వింతగా వినిపించడంతో ఆగవు, వేరే అర్థమే ఇస్తాయి.

"రివర్ట్" అన్నది మనకు జవాబివ్వడం. బయట దాని ప్రధానార్థం పూర్వస్థితికి మళ్లడం. సాఫ్ట్‌వేరు పనిలో ఇది మరీ ప్రమాదం: "ప్లీజ్ రివర్ట్ ఆన్ దిస్ చేంజ్" అని రాస్తే, అవతలి ఇంజనీరు మీరు చేసిన మార్పును వెనక్కి తీసేయగలరు. "ప్లీజ్ రిప్లై" అని రాయండి.

"ఐ హావ్ ఎ డౌట్" అంటే మనకు సందేహం తీర్చమనడం. అవతలివారికి మీరు వారి మాటను నమ్మడం లేదన్న ధ్వని వినిపించవచ్చు. "ఐ హావ్ ఎ క్వశ్చన్" నయం. "పాస్డ్ అవుట్ ఇన్ 2019" అంటే చదువు పూర్తిచేయడం మన లెక్క, స్పృహ తప్పడం వారి లెక్క. "గ్రాడ్యుయేటెడ్" అనండి. "కైండ్లీ కన్ఫర్మ్ ద సేమ్" అన్నప్పుడు "ద సేమ్" దేనిని సూచిస్తోందో రాసేవారికి తప్ప ఎవరికీ తెలియకపోవచ్చు. ఆ విషయాన్నే మళ్లీ రాయండి.

7. తేదీలు, సమయాలు, అంకెలు

వ్యాకరణ దోషంతో పరువు కొంత పోతుంది. తేదీ పొరపాటుతో పనే చెడిపోతుంది.

04/05 అంటే మనకు మే 4, అమెరికాలో ఏప్రిల్ 5. నెలను ఎప్పుడూ అక్షరాల్లో రాయండి, పక్కన వారం పేరు చేర్చండి. "నెక్స్ట్ ఫ్రైడే" అంటే ఈ శుక్రవారమా, పై శుక్రవారమా అన్నదానిపై ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారిలోనే ఏకాభిప్రాయం లేదు, కనుక తేదీ ఇవ్వండి. "ఈవోడీ" (ఎండ్ ఆఫ్ డే) అన్నప్పుడు ఎవరి రోజు ముగింపో చెప్పాలి.

భారతదేశంలో గడియారం ఏడాది పొడవునా మారదు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో మార్చిలో ఒక గంట ముందుకు, నవంబరులో ఒక గంట వెనక్కు జరుపుతారు. అందువల్ల హైదరాబాదుకు, న్యూయార్కుకు మధ్య తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు. పైన చూసిన మెయిల్‌లోని సాయంత్రం 5 గంటలు న్యూయార్కులో ఉదయం 7:30. రెండు సమయాలూ పక్కపక్కన రాస్తే ఎవరూ లెక్క వేసుకోనక్కర్లేదు.

లక్షలు, కోట్లు విదేశీయులకు రాసేటప్పుడు మిలియన్లలోకి మార్చండి. 10 లక్షలు ఒక మిలియన్, ఒక కోటి 10 మిలియన్లు. కామాలు కూడా మారతాయి: మన 1,50,000 అక్కడ 150,000.

8. మర్యాద

తెలుగులో "గారు", "అండి", "మీరు" మర్యాదను మోస్తాయి. ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా వాక్య నిర్మాణం చేస్తుంది. "కుడ్ యు", "వుడ్ ఇట్ బీ పాసిబుల్ టు" అంటే చాలు. మెయిల్‌కు ఒక "ప్లీజ్" సరిపోతుంది, రెండూ మూడూ కలిస్తే విసుగు ధ్వనిస్తుంది. "యు ఆర్ రిక్వెస్టెడ్ టు" మనకు వినయంగా తోస్తుంది కానీ నోటీసు బోర్డు మీది ఆజ్ఞలా ఉంటుంది.

అమెరికా సహోద్యోగులు తమ మెయిల్ కింద మొదటి పేరుతో సంతకం చేస్తే మీరూ ఆ పేరుతోనే పిలవండి. మన ప్రభుత్వ కార్యాలయానికి, బ్యాంకు అధికారికి రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" లేదా "మేడమ్" అలవాటుగా ఉన్నదే, ఉంచవచ్చు.

ఆలస్యమైన పనిని గుర్తుచేసేటప్పుడు "వై హావ్ యు నాట్ సెంట్" అని నిలదీయకండి. "ఐ హావ్ నాట్ యెట్ రిసీవ్డ్ ద ఇన్‌వాయిస్. కుడ్ యు సెండ్ ఇట్ బై 10 ఏఎం టుమారో?" అంటే విషయమూ చేరుతుంది, సంబంధమూ నిలుస్తుంది.

9. సరిదిద్దడం: మూడు విడతలు

అన్నీ ఒకేసారి చూడబోతే ఏదీ సరిగా కనిపించదు. ఈ వరుసలో విడివిడిగా చూడండి.

మొదటి విడత, స్పష్టత. మొదటి రెండు వాక్యాలు మాత్రమే చదవండి. అంతటితో ఆపేసినా చదివేవారికి ఏం చేయాలో తెలుస్తోందా? తెలియకపోతే వాక్యాల వరుస మార్చండి.

రెండో విడత, వ్యాకరణం. పైకి చదవండి. నాలుక తడబడిన చోట సాధారణంగా లోపం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రివ్యూ ట్యాబ్ కింద ఉన్న రీడ్ అలౌడ్‌తో యంత్రం చేత చదివించుకుంటే, కళ్లు దాటేసిన పదాలు చెవికి చిక్కుతాయి. మీ నోటుపుస్తకంలోని తప్పులను ఒక్కొక్కటిగా వెతకండి.

మూడో విడత, పేర్లు, అంకెలు, తేదీలు, జోడింపులు. అక్షరక్రమ పరీక్ష వీటిని పట్టుకోదు. పేరు తప్పుగా రాస్తే మిగతా మెయిల్ ఎంత బాగున్నా ఆ వ్యక్తికి అదే గుర్తుంటుంది.

గ్రామర్లీ, చాట్‌జీపీటీ వంటి సాధనాలు రెండో విడతకు బాగా తోడ్పడతాయి. మొదటి విడత మాత్రం మీరే చేయాలి, ఎందుకంటే మీకు ఏం కావాలో వాటికి తెలియదు. అవి మార్చిన వాక్యం నున్నగా ఉంటుంది కానీ "బై" స్థానంలో "అరౌండ్" చేరి గడువు మెత్తబడిపోవచ్చు. కాబట్టి ప్రతి మార్పునూ అర్థం చూసి అంగీకరించండి. సంస్థ అనుమతి లేకుండా క్లయింటు వివరాలు, ఒప్పందాలు, జీతాల సమాచారం వాటిలో అతికించకండి.

పంపే ముందు:

☐ కోరిక మొదటి రెండు వాక్యాల్లో ఉంది.
☐ గడువులో తేదీ, గంట, ఏ ప్రాంతపు సమయమో ఉన్నాయి.
☐ సబ్జెక్టు లైను ఈ మెయిల్‌కు సరిపోతోంది.
☐ ఒంటరి నామవాచకాలు లేవు.
☐ చెప్పిన ఫైలు జోడించాను, తెరిచి చూశాను.
☐ "రిప్లై ఆల్" నిజంగా అవసరమే.
☐ గ్రహీత చిరునామా అన్నిటికన్నా చివర నింపాను.

జీమెయిల్ సెట్టింగులలో అన్‌డూ సెండ్ వ్యవధిని 30 సెకన్లకు పెంచుకోండి. పంపిన మరుక్షణమే తప్పు కంటపడటం అందరికీ జరిగేదే, ఆ అరనిమిషం చాలాసార్లు ఆదుకుంటుంది.

వివరణ అడుగుతూ ఏదైనా మెయిల్ తిరిగి వస్తే, జవాబు ఇచ్చాక పాత మెయిల్‌ను ఒకసారి తెరవండి. వారు అడిగిన సంగతి అందులో లేదా, లేక ఉండీ నాలుగో వాక్యంలో మరుగునపడిందా అని చూసి, ఆ కారణాన్ని నోటుపుస్తకంలో చేర్చండి. అదే కారణం మూడుసార్లు కనిపిస్తే పైన ఇచ్చిన చివరి జాబితాలోకి ఎక్కించండి. నెల రోజులుగా కనిపించని తప్పును అందులోంచి కొట్టేయవచ్చు.